కొళాయి కింద బోర్లించిన పళ్ళెం

కళ్యాణదుర్గానికి ఎందుకొచ్చావని ఎవరడిగినా ఇంటి బాడుగ తక్కువని చెబుతాను. అది అబద్ధం కాదు, అట్లాగని పూర్తి నిజమూ కాదు. పెళ్ళి విడిపోయాక బెంగళూరులో ఉండబుద్ధి కాలేదు. పుట్టిన ఊరు సోమందేపల్లెకు పోతే బస్సు దిగిన చోటి నుంచి ఇంటిదాకా ప్రతి అరుగుకూ ఒక జవాబు చెప్పుకుంటూ నడవాలి. నాకసలే ముక్కుమీద కోపం. అందుకని నన్నెరిగినవాళ్ళు ఒక్కరూ లేని ఊరు చూసుకున్నాను. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. రెండు గదులు, ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, కిటికీలోంచి చూస్తే చెనిక్కాయల గోడౌను గోడ. ఎవరూ తెలియని ఊరు కావాలని కోరుకున్నాను గానీ, ఎవరూ తెలియకపోతే ఎట్లా ఉంటుందో ముందుగా ఆలోచించలేదు. కొన్ని రోజులు పాలాయనతో అన్న రెండు మాటలే ఆ పూటకు నేను గొంతు విప్పి మాట్లాడిన మాటలు.

మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఒకటే కొళాయి, రెండు వాకిళ్ళకూ మధ్యన. నీళ్ళు ఐదారు రోజులకొకసారి వస్తాయి. ఏ రోజో సుమారుగా తెలుస్తుంది, ఏ వేళకో ఆ దేవుడికే తెలియాలి. కొత్తలో నేను బిందె పెట్టుకుని కొళాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. లేచి లోపలికి పోతే నీళ్ళొచ్చి పోతాయేమోనని భయం. ఒళ్ళో కంప్యూటరు, ఎండకు అందులో అక్షరాలు కనపడవు. పనీ అయ్యేది కాదు, నీళ్ళూ వచ్చేవి కావు.

మూడోరోజు పక్కింటావిడ తన గడపలోంచి నన్ను చూసి నవ్వింది. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాన్నాళ్ళయిందట, పిల్లలు లేరు. విత్తనానికి ఉంచిన చెనిక్కాయలను రైతులు మిషనుకు వెయ్యరు, పప్పు బద్దలైతే మొలవదని. అట్లాంటి కాయలను తెచ్చి చేత్తో ఒలిచిచ్చేది ఆమె పని. పొద్దస్తమానం చాప మీద కూర్చుని టపటపమని ఒలుస్తూ ఉండేది.

"ఏమి మేడం, కొళాయికి కాపలా కాస్తాండావా? అది యాడికీ పోదులే" అంది.

లేచొచ్చి కొళాయి తిప్పి వదిలిపెట్టి, దాని కింద ఒక స్టీలు పళ్ళెం బోర్లించింది. "పో, పొయ్యి నీ పని చూసుకో. ముందు గాలొస్తాది, సుయ్యిమని. గాలొచ్చిందంటే నీళ్ళు దావలో ఉండాయని. మళ్ళ తట్ట మోగుతాది. మోగినప్పుడు లేస్తే సాలు."

ఆ సాయంత్రం ఠంగుమని మోగింది. ఆమె లోపలి నుంచే "గంగొచ్చె, బిందె తే!" అని కేకేసింది. గంగంటే నీళ్ళని తెలుసు గానీ, బిందె తెమ్మని ఎవరిని పిలుస్తోందో అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. సరే, నన్నేనేమో అనుకుని బిందె తీసుకుని పోయాను. అప్పటి నుంచి నేను ఆమెకు మేడం కాదు, పాప. ఆమె నాకు అక్క.

నవ్వొచ్చే సంగతేమిటంటే, అప్పుడు ఆఫీసులో నా తల తింటున్న పని కూడా అచ్చంగా అదే. జనం ఫోన్లలో ఎప్పటికప్పుడు రాసి పెట్టే మాటలను ఒక సోషల్ మీడియా కంపెనీ ఎడతెగని ధారగా బయటికి వదులుతుంది. దాన్ని వరుస తరువాత వరుస చదివి, నీళ్ళు రాలేదనో కరెంటు పోయిందనో తెలుగులో ఎవరైనా మొత్తుకుంటే పట్టుకుని చెప్పే ప్రోగ్రాం రాయాలి. రాశాను. కానీ అది తరువాతి వరుస కోసం ఒకసారి చెయ్యి చాపిందంటే, వరుస వచ్చేదాకా అక్కడే నిలబడిపోయేది. గంటగంటకూ పంపాల్సిన రిపోర్టు పంపదు. ఆపమని బటన్ నొక్కితే వినదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. బెంగళూరు నుంచి రోజూ చీవాట్లు.

అక్క పళ్ళెం మోగిన మర్నాడు దాన్ని విప్పి మళ్ళీ రాశాను. వినే పనిని విడదీసి ఒక చిన్న ముక్కకు అప్పగించాను. వచ్చిన వరుసను వచ్చినట్టు ఒక తొట్టిలో వేయడమే దాని పని. మిగతా ప్రోగ్రాం తన పనులు తాను చేసుకుంటూ మధ్యమధ్య తొట్టిలోకి తొంగిచూస్తుంది. ఉంటే తీసుకుంటుంది, లేకపోతే ఇంకో పనికి పోతుంది. ఎవరి కోసమూ నిలబడిపోదు. ఆఫీసులో మెచ్చుకున్నారు. ఇది నాకు చెనిక్కాయలు ఒలిచే ఒక అక్క నేర్పిందని వాళ్ళకు చెప్పలేదు. మనుషుల బుద్ధి అంతే, నాది కూడా.

ఆమెకు మాత్రం చెప్పాను. కాయలు ఒలవడం ఆపి, "అంటే, లోకంలో ఎవురేం రాసినా నీ డబ్బాలో పడతాదా?" అంది.

"అందరిదీ కాదక్కా. ఆ ఒక్క కంపెనీలో, దాచుకోకుండా రాసేవాళ్ళది. అది కూడా నేను అడిగిన మాట అందులో ఉంటేనే."

ఆమె మళ్ళీ కాయలు అందుకుంది. మర్నాడు టీ గ్లాసు తీసుకుని మా ఇంటికొచ్చి, బల్ల దగ్గర నేల మీద కూర్చుని, చెల్లెలి సంగతి చెప్పింది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది అక్కే. ఆ పిల్ల చర్చికి పోయే ఇంటి అబ్బాయిని చేసుకుంటానంది. అక్క వద్దంది. చేసుకుంది. "ఇంగ నా గడప తొక్కద్దు" అని అక్క అనేసింది. తొమ్మిదేళ్ళైంది.

"వాంది తప్పు గాదు, దాందీ గాదు. నా నోరే" అంది. "తొక్కద్దంటే నిజంగానే తొక్కల్యా."

రెండేళ్ళ కింద ఒక పెళ్ళిలో ఎవరో బంధువుల పిల్ల తన ఫోనులో ఒక ఫోటో చూపించిందట. ఏదో పట్నంలో మేడ మీద వరసగా బిందెలు, కింద "గంగొచ్చె, బిందె తే" అని రాసుంటే ఆ పిల్లే చదివి వినిపించింది. ఎవరు పెట్టారో ఆ పిల్లకు తెలియదు, ఎక్కడి నుంచో ఎవరో పంపించారు. కానీ ఆ మాట వాళ్ళ అమ్మది. కొళాయి మోగగానే అమ్మ అట్లా అరిస్తే, చెల్లెలు బిందె పట్టుకుని పరిగెత్తేదట. చెల్లెలు లేని ఇంట్లో అక్క ఇన్నేళ్ళుగా ఎవరిని కేకేస్తోందో నాకప్పుడు తెలిసింది.

నేను ముందు మామూలుగా వెతికి చూశాను. ఆ ఫోటో ఎక్కడా లేదు. తీసేసి ఉండొచ్చు, పేరు మార్చుకుని ఉండొచ్చు. "మళ్ళీ ఎప్పుడన్నా రాస్తే పట్టుకోవచ్చక్కా" అన్నాను. ఆమె ముఖంలో వెలుగు చూసి నాకు కొంచెం భయమేసింది కూడా. ఇంకో మాట అడిగింది. "అది వస్తే నా తట్ట మోగినట్టే మోగల్ల. నాకు వేరే చప్పుడు తెలీదు." నవ్వుకుంటూ ఆమె పళ్ళెం మీద నీళ్ళు పోసి ఆ చప్పుడును ఫోనులో పట్టి పెట్టాను.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఆఫీసుకు రాసిన మంచి ప్రోగ్రామును అక్కకు పెట్టలేదు. పాత కంప్యూటరు ఒకటి అలమరాలో ఉంటే, మొదట రాసిన మొండిదాన్నే అందులో పెట్టి, వెతికే మాట మార్చి వదిలేశాను. ఎప్పుడో ఏడాదికొకసారి రావచ్చు, రాకపోవచ్చు, ఒక్క మాట కోసం నిలబడి ఎదురుచూస్తే దాని సొమ్మేం పోయింది అనుకున్నాను. ఊరికే చేసిపెట్టే పని ఎట్లా చేస్తామో అట్లా చేశాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం చేతులు దులుపుకుని వచ్చేది. కొంగున ఒలిచిన పప్పు గుప్పెడు. "వచ్చెనా పాపా?" అనేది. నేను అలమరా వైపు చూసేదాన్ని. తెర మీద "వింటున్నాను" అని ఉండేది. "రాలేదక్కా" అనేదాన్ని. ఆమె కూర్చునేది. టీ పెట్టేదాన్ని. చెల్లెలి సంగతులు చెప్పేది, నా మొగుడి సంగతి అడిగి నా బదులు తనే తిట్టేది. రాయలేని తిట్లు, చెవికి చల్లగా ఉండేవి. మధ్యాహ్నం నుంచే నేను ఆ వేళ కోసం గడియారం చూసుకునేదాన్ని. ఒకరోజు ఆమె రావడం ఆలస్యమైతే పెట్టిన టీ రెండుసార్లు వేడి చేశాను. ఆ మాట ఎప్పుడూ రాకుంటే బాగుండునని నేననుకోలేదు. కానీ వస్తే ఈ సాయంత్రాలు పోతాయని మాత్రం అనుకున్నాను. ఇప్పుడైనా ఒప్పుకోవాలి కదా.

వేసవి ముదిరింది. తొమ్మిది రోజులైనా కొళాయి మోగలేదు. వీధిలో అందరూ ఎండాకాలం కదా, రాలేదంతే అన్నారు. అక్క వంగి గొట్టానికి చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"గాలి గూడా లేదు పాపా. ఇది రాకపోయేది గాదు, యాడనో పగిలిపోయిండాది."

కొంగు నెత్తినేసుకుని గొట్టం వెంబడే పోయింది. గంట తరువాత ఎర్రగా కాలిన ముఖంతో తిరిగొచ్చింది. మూడు వీధుల అవతల ఎవరో కాలువ తవ్వుతూ గొట్టం కోసేశారు, మన నీళ్ళన్నీ తుమ్మచెట్లు తాగుతున్నాయంది. ఆ రోజే మనుషులను పిలిపించి అతికించింది కూడా. సాయంత్రం వచ్చి కూర్చుని, "వచ్చెనా?" అంది.

"రాలేదక్కా."

"గాలొస్తాండాదా?"

"ఏమిటి?"

"నీ డబ్బాలో. మాట రాకపోతే రాకపాయె, గాలన్నా వస్తాండాదా? గొట్టం పగల్లేదని నీకెట్ల తెలుసు?"

ఆ ధారలోనూ గాలి ఉంటుంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు అవతలి కంపెనీ కొద్ది కొద్దిసేపటికి ఒక ఖాళీ వరుస పంపుతుంది, లైను బతికే ఉంది సుమా అని. నా ప్రోగ్రాం ఆ ఖాళీ వరుసలను చెత్త అనుకుని పారబోసేది. నేనే అట్లా రాశాను. అవి వస్తున్నాయో లేదో అది చూడదు, నేనూ చూడలేదు.

అలమరా దగ్గరికి పోయి చూశాను. లోపల దానికి చివరిసారి ఏదైనా అందింది పదకొండు రోజుల కింద. ఆ రోజు గడ్డి లారీ తగిలి వీధిలో కేబులు తెగి, ఒక పూట నెట్ పోయింది. మళ్ళీ వచ్చింది. నా మిగతా పనులన్నీ మళ్ళీ అతుక్కున్నాయి. ఇదొక్కటే తెగిన తాడు చివర పట్టుకుని, చాపిన చెయ్యి చాపినట్టే నిలబడి, తెర మీద "వింటున్నాను" అని చూపిస్తూ ఉంది. ఆ పదకొండు రోజుల్లో ఆ మాట వచ్చిందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. పారిపోయిన నీళ్ళను వెనక్కి పట్టడం నా చేతిలో లేదు.

ఒక్క నిమిషం అబద్ధం చెబుదామనిపించింది. గాలొస్తోందక్కా అంటే సరిపోయేది, ఆమెకు తెలిసే దారి లేదు. కానీ అప్పటికే నా ముఖం చూసేసింది. చెప్పేశాను.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"దినామూ రాలేదు, రాలేదు అంటివి. నేను ఇంటికి పొయ్యి, అది నన్ను మర్సిపోయిందిలే అనుకొని పండుకుంటాంటి. తెలీదు అనింటే నీదేం పోతాండె పాపా?"

టీ తాగకుండా పోయింది.

ఆ రాత్రే కూర్చుని సరిచేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, రెండు రోజులు దాన్ని ముట్టలేదు. మూడోరోజు ఆఫీసు పని పక్కన పడేసి, పెట్టాల్సిందంతా పెట్టాను. వినే ముక్క వేరు, తొట్టి వేరు. ఖాళీ వరుసలను పారబోయకుండా గుర్తుపెట్టుకుంటుంది. నిమిషన్నర దాకా ఖాళీ వరుస కూడా రాకపోతే, లైను తెగిందని చెప్పి తనే మళ్ళీ కలుపుతుంది. నాలుగు వందల వరుసల ప్రోగ్రాములో నాకు బుద్ధి చెప్పింది ఆ ఐదారు వరుసలే.

సాయంత్రం అయ్యేది. అవతల టపటపమని కాయలు ఒలిచే చప్పుడు వినపడేది. ఆమె వస్తుందేమోనని నేను తలుపు దగ్గరగా వేసేదాన్ని, గడియ పెట్టేదాన్ని కాదు. రాలేదు. టీ తాగకుండా పోయిన మర్నాటి నుంచి మూడు సాయంత్రాలు. నాలుగోరోజు నా మీద నాకే అసహ్యం వేసింది. కొళాయికి కాపలా కాసిన మొదటి రోజుల్లో ఉన్నట్టే ఉన్నాను. లేచి వాళ్ళింటికి పోయి, ఏమీ అనకుండా చాప అంచున కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాను. పది కాయలకు ఆరు పప్పులు బద్దలు చేశాను.

"ఇత్తనం పాడు చెయ్యాకు తల్లీ" అంది చివరికి.

"బాగుచేశానక్కా. ఇప్పుడు గాలి కూడా చూస్తుంది."

చాలాసేపు ఒలిచింది. తరువాత చేతులు ఆపింది.

"నువ్వొస్తావని నేను ఈడ, నేనొస్తానని నువ్వు ఆడ. పక్కపక్క ఇండ్లలోనే నాలుగు దినాలు పట్టె. నా చెల్లెలూ నా మాదిరే యాడనో చెవులు రిక్కించుకొని కూచోనుంటాది. ఇద్దురమూ వినుకుంటా కూచుంటే పలికేదెవురు?" నా వైపు తిరిగింది. "నీ మిషను వినేదేనా, పలకదా?"

మిషను పలకదు గానీ నేను రాసి పెట్టగలనన్నాను. ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. వినే పనిలో తలమునకలైన దాన్ని, రాసే బటన్ కూడా అక్కడే ఉందని మరిచాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. రాయి" అని చెప్పింది. "గంగొచ్చె, బిందె తే. అక్క ఈడనే ఉండాది. గడప తొక్కు."

"పేరు వద్దా అక్కా?"

"పేరెందుకు? ఆ మాట మా ఇంట్లో తప్ప యాడా ల్యా."

ఇంటికొచ్చి, ఉన్నదున్నట్టు రాసి వదిలాను. ఒకసారి చదువుకుని, కళ్ళు తుడుచుకుని, టీ పెడదామని వంటింట్లోకి నడిచాను. స్టవ్వు వెలిగించానో లేదో ఠంగుమంది.

అవతలి నుంచి కేక. "గంగొచ్చె, బిందె తే!" వెంటనే పరుగు. వాకిట్లోకి వచ్చి చూస్తే అక్క బిందె చంకన పెట్టుకుని కొళాయి ముందు నిలబడి ఉంది. కొళాయి పొడిగా ఉంది, పళ్ళెం పొడిగా ఉంది. ఆమె దాన్ని చూస్తోంది, నన్ను చూస్తోంది.

"అది కాదక్కా" అన్నాను. "నాది."

బిందె అక్కడే పడేసి నాకంటే ముందు లోపలికొచ్చింది. ఇద్దరం అలమరా ముందు నిలబడ్డాం. తెర మీద ఒకే ఒక వరుస. "గంగొచ్చె, బిందె తే. అక్క ఈడనే ఉండాది. గడప తొక్కు."

ఆమెకు చదువు రాదు. "ఏమంటాండాది?" అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"ఇది మనదే అక్కా. ఇప్పుడు మనం పెట్టిందే తిరిగొచ్చింది."

ఏడుస్తుందనుకున్నాను. నాకే ఏడుపొచ్చేటట్టుంది. ఆమె ఆ వరుసను చాలాసేపు చూసి, నా చెయ్యి వదిలి, కొంగుతో తెర మీద దుమ్ము తుడిచింది.

"అయితే గొట్టం పగల్లేదులే" అంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఈ వేసవికి మళ్ళీ విత్తనం కాయలొచ్చాయి, మళ్ళీ ఆమె చాప మీద కూర్చుని ఒలుస్తోంది. వారానికొకసారి ఆ మాట పెడుతున్నాను. చెల్లెలి దగ్గర నుంచి ఏమీ రాలేదు. ఇది మాత్రం నిజమైన 'రాలేదు', గాలి చూసి చెబుతున్నది. పెట్టిన ప్రతిసారీ పళ్ళెం ఒకసారి మోగుతుంది. గోడవతల నుంచి అక్క, "మనదేనా పాపా?" అని అడుగుతుంది. "మనదే అక్కా" అంటాను. చూసి చెప్పడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైనా, అవతల కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు అలమరా పక్కనే బల్ల వేసుకుని పని చేసుకుంటున్నాను.